ప్రోటోకాల్ బఫర్లకు రస్ట్ కోడ్ జనరేటరు: లోపలి పని, మెరుగుపరిచే దారులు

9.0 ఈ పాఠం గురించి

గత పాఠాలలో రస్ట్ భాషలోని స్ట్రక్ట్, ఈనమ్, ట్రెయిట్ అనే మూడు భావనలను విడివిడిగా చదివారు. ఆ మూడూ కలిసి ఒక నిజమైన పనిముట్టులో ఎలా ఉపయోగపడతాయో ఈ పాఠంలో చూస్తారు. ఆ పనిముట్టు పేరు ప్రోస్ట్. ఇది ప్రోటోకాల్ బఫర్ల వర్ణనను చదివి రస్ట్ కోడును రాసిపెట్టే ఓపెన్ సోర్స్ కోడ్ జనరేటరు. అపాచీ 2.0 లైసెన్సు కింద ఎవరైనా తెరిచి చదవవచ్చు, మార్చవచ్చు.

ఈ పాఠం పూర్తయ్యేసరికి ఒక చిన్న సందేశాన్ని మీరు చేత్తో బైట్లుగా మార్చగలగాలి. ఇలాంటి పనిముట్టును మెరుగుపరచడమంటే వేగం పెంచడం ఒక్కటే కాదని, దాన్ని నమ్ముకున్నవారి ప్రోగ్రాములు ఆగిపోకుండా చూడటం కూడా అందులో భాగమేనని ఉదాహరణలతో వివరించగలగాలి. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి. మరో మాట: అసలు ప్రోగ్రాములలో కీలకపదాలు, పేర్లు ఆంగ్ల లిపిలో ఉంటాయి. మీ చదువుకు వీలుగా ఇక్కడ వాటిని తెలుగు లిపిలోనే రాస్తున్నాను.

9.1 గడులకు బదులు సంఖ్యలు

నేను ఎమ్మెస్సీ చదివే రోజుల్లో దత్తాంశం పంచ్ కార్డుల మీద ఉండేది. ఒక కార్డుకు 80 గడులు. మొదటి 20 గడులు పేరుకు, తర్వాతి 6 గడులు హాల్ టికెట్ సంఖ్యకు, తర్వాతి 3 మార్కులకు అని ముందే అనుకునేవాళ్లం. ఏ గడిలో ఉంటే ఆ అర్థం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కళాశాల పరీక్షల ఫైలులో పేరుకు మరో రెండు గడులు పెంచాను. ఫైలును రాసే ప్రోగ్రామును మార్చాను. అదే ఫైలును చదివే ప్రోగ్రాము మరొకటి వేరే గదిలో ఉందని నాకు తెలియదు. అది హాల్ టికెట్ సంఖ్య చివరి రెండు అంకెలను, మార్కుల మొదటి అంకెను కలిపి మార్కులుగా చదివింది. తప్పు దొరికేసరికి సగం మెమోలు అచ్చయిపోయాయి. ఆ మెమోలన్నీ చించి మళ్లీ అచ్చు వేయించింది నేనే.

ప్రోటోకాల్ బఫర్లు ఈ సమస్యకు ఒక సమాధానం. గూగుల్ సంస్థ 2001 నుంచి తన లోపలి అవసరాలకు వాడుకుంటూ వచ్చిన ఈ పద్ధతిని 2008లో అందరికీ తెరిచిపెట్టింది. ఇందులో ప్రతి ఫీల్డుకూ ఒక సంఖ్య ఇస్తాం. ఫీల్డు ఏ స్థానంలో ఉందన్నది ముఖ్యం కాదు, దాని సంఖ్య ఏమిటన్నదే ముఖ్యం. వర్ణన ఇలా ఉంటుంది:

మెసేజ్ విద్యార్థి {
  స్ట్రింగ్ పేరు = 1;
  ఇంట్32 మార్కులు = 2;
}

ఇక్కడ 1, 2 అనేవి విలువలు కావు, ఫీల్డు సంఖ్యలు. ఒకసారి ఇచ్చిన సంఖ్యను మళ్లీ మార్చకూడదు, తీసేసిన ఫీల్డు సంఖ్యను మరో ఫీల్డుకు ఇవ్వకూడదు. కొత్త ఫీల్డుకు కొత్త సంఖ్య ఇస్తే చాలు, పాత ప్రోగ్రాములు తమకు తెలియని సంఖ్యను దాటేసి మిగిలింది చదువుకుంటాయి. నాకు ఆ రోజు ఇది ఉండి ఉంటే మెమోలు చించే పని తప్పేది.

9.2 చేత్తో ఒక సందేశం

పేరు రమ, మార్కులు 150 అనుకుందాం. దీన్ని బైట్లుగా మారుద్దాం.

ముందుగా వేరింట్ అనే పద్ధతి తెలియాలి. చిన్న సంఖ్యకు తక్కువ బైట్లు, పెద్ద సంఖ్యకు ఎక్కువ బైట్లు వాడటం దీని ఉద్దేశం. సంఖ్యను ద్విసంఖ్యామానంలో రాసి, కుడి నుంచి ఏడేసి బిట్లుగా విడగొట్టాలి. ఒక్కో ఏడు బిట్ల గుంపు ఒక బైటులో కూర్చుంటుంది. మిగిలిన ఎనిమిదో బిట్టు ఒక గుర్తు: ఇంకా బైట్లు ఉంటే 1, ఇదే చివరిదైతే 0. చిన్న గుంపు ముందు వెళుతుంది. 150 అంటే 128 + 22. కుడివైపు గుంపు విలువ 22, ఎడమవైపు గుంపు విలువ 1. మొదటి బైటు 22 + 128 = 150, రెండో బైటు 1. (మొదటి బైటు విలువ కూడా 150 కావడం చూసి, ఏ సంఖ్యకైనా ఇలాగే వస్తుందని అనుకోకండి.) మీరు 300తో ప్రయత్నించండి. 300 = 2 × 128 + 44. కాబట్టి 172, 2 అని రావాలి.

ప్రతి ఫీల్డుకూ ముందు ఒక తాళంచెవి లాంటి సంఖ్య వస్తుంది. ఫీల్డు సంఖ్యను 8తో గుణించి, దానికి రకం సంకేతాన్ని కలిపితే అది వస్తుంది. వేరింట్ రకానికి సంకేతం 0. పొడవు చెప్పి ఆ తర్వాత బైట్లు ఇచ్చే రకానికి 2. స్ట్రింగులు, లోపలి మెసేజ్‌లు ఈ రెండో రకంలోకి వస్తాయి. కచ్చితంగా 8 బైట్లు తీసుకునే రకానికి 1, 4 బైట్లు తీసుకునేదానికి 5.

పేరు ఫీల్డుకు 1 × 8 + 2 = 10. తర్వాత పొడవు. ఇక్కడ చాలామంది విద్యార్థులు పొరపడతారు. రమ రెండు అక్షరాలు కాబట్టి పొడవు 2 అని రాస్తారు. పొడవు అక్షరాలలో కాదు, బైట్లలో. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపిలోని ప్రతి సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది. ర అంటే 224 176 176. మ అంటే 224 176 174. కాబట్టి పొడవు 6. సీత అయితే స, ఈకారం గుర్తు, త అని మూడు సంకేతాలు, అంటే 9 బైట్లు.

మార్కుల ఫీల్డుకు 2 × 8 + 0 = 16, ఆ తర్వాత 150, 1. మొత్తం సందేశం ఇది:

10 6 224 176 176 224 176 174 16 150 1

పదకొండు బైట్లు. పేరు అనే మాటా, మార్కులు అనే మాటా ఇందులో ఎక్కడా లేవు. వర్ణన ఇరువైపులా ఉంది కాబట్టి పంపాల్సిన అవసరం లేదు.

ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి. ప్రోటో3 అనే రూపంలో ఫీల్డు విలువ సున్నా అయితే దాన్ని అసలు పంపరు. అందుకోవలసినవారు ఫీల్డు రాలేదంటే సున్నా అనుకుంటారు. స్థలం కలిసివస్తుంది నిజమే. కానీ పరీక్షకు రాని విద్యార్థి, పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్న విద్యార్థి ఒకటి కారు కదా! ఆ తేడా కావాలంటే వర్ణనలో ఫీల్డు ముందు ఆప్షనల్ అని రాయాలి. అప్పుడు ప్రోస్ట్ ఆ ఫీల్డును రస్ట్‌లో ఆప్షన్ రకంగా చేస్తుంది. నన్ అంటే రాలేదు, సమ్ లోపల సున్నా అంటే సున్నా వచ్చింది.

9.3 జనరేటరు నిజంగా ఏం చేస్తుంది

ఈ లెక్కలన్నీ ప్రతి మెసేజ్‌కూ మనమే రాస్తే తప్పులు తప్పవు. అందుకే జనరేటరు. ప్రోస్ట్‌లో ఈ పని రెండు అంచెలుగా జరుగుతుంది.

మొదటి అంచెలో ప్రోటోక్ అనే కంపైలరు వర్ణన ఫైలును చదివి, అందులో ఏ మెసేజ్‌లు, ఏ ఫీల్డులు, ఏ సంఖ్యలు ఉన్నాయో ఒక సారాంశంగా ఇస్తుంది. విశేషమేమిటంటే ఆ సారాంశం కూడా ఒక ప్రోటోకాల్ బఫర్ సందేశమే. అంటే ప్రోస్ట్ తన పని మొదలుపెట్టడానికి, ముందు ప్రోస్ట్ తయారుచేసిన కోడే కావాలి. అలా ముందుగా తయారుచేసి పెట్టుకున్న కోడు ప్రోస్ట్-టైప్స్ అనే క్రేట్‌లో ఉంటుంది. పాలు తోడువేయడానికి నిన్నటి పెరుగు దాచుకున్నట్టు. జనరేటరును మార్చినప్పుడు ఆ తోడు కూడా కొత్త పద్ధతికి సరిపోతోందో లేదో సరిచూసే పరీక్ష ఒకటి ప్రాజెక్టులో ఉంది.

ప్రోస్ట్-బిల్డ్ ఆ సారాంశాన్ని చదివి ఇలాంటి కోడు రాస్తుంది:

#[డిరైవ్(క్లోన్, పార్షియల్‌ఈక్యూ, ప్రోస్ట్::మెసేజ్)]
పబ్ స్ట్రక్ట్ విద్యార్థి {
  #[ప్రోస్ట్(స్ట్రింగ్, ట్యాగ్ = 1)]
  పబ్ పేరు: స్ట్రింగ్,
  #[ప్రోస్ట్(ఇంట్32, ట్యాగ్ = 2)]
  పబ్ మార్కులు: ఐ32,
}

రెండో అంచెలో ప్రోస్ట్-డిరైవ్ అనే మాక్రో ఆ డిరైవ్ గుర్తును చూసి ఎన్‌కోడ్, డీకోడ్ పనులు చేసే కోడును కంపైలు సమయంలో నింపుతుంది. అందువల్ల మనకు కనబడే ఫైలు చేత్తో రాసినంత శుభ్రంగా ఉంటుంది. సాదా స్ట్రక్ట్, తెరిచిన ఫీల్డులు, అంతే. ప్రోస్ట్‌ను చాలామంది ఇష్టపడటానికి కారణం ఇదే. ఈ సాదాతనాన్ని గుర్తుపెట్టుకోండి. వచ్చే విభాగంలో మెరుగుదల కోసం మనం వేసే ప్రతి ఎత్తుకూ ఇదే అడ్డు వస్తుంది.

చిన్న చిన్న విషయాలలో కూడా జనరేటరు జాగ్రత్త పడాలి. టైప్ అన్నది రస్ట్‌లో కీలకపదం. ఎవరో తమ ఫీల్డుకు ఆ పేరే పెడితే దాని ముందు ఆర్, హాష్ గుర్తు చేర్చి రాస్తుంది. సెల్ఫ్ అన్న పేరుకు ఆ ఉపాయం పనిచేయదు, అందుకని చివర అండర్‌స్కోరు చేరుస్తుంది. ఒక మెసేజ్ లోపల అదే మెసేజ్ ఉంటే (వంశవృక్షంలో వ్యక్తి లోపల తండ్రిగా మరో వ్యక్తే ఉన్నట్టు) రస్ట్ ఆ స్ట్రక్ట్ పరిమాణం లెక్కకట్టలేదు. తనలో తాను, అందులో మళ్లీ తాను అని అంతం లేకుండా పోతుంది. అలాంటి చోట జనరేటరు మెసేజ్‌ల మధ్య సంబంధాల గ్రాఫును పరిశీలించి, చక్రం ఉన్న చోట బాక్స్ పెడుతుంది. బాక్స్ అంటే ఒక పాయింటరు, దాని పరిమాణం స్థిరం.

9.4 పెట్టెలో పెట్టె: పొడవులను మళ్లీ మళ్లీ లెక్కించడం

ఇప్పుడు మెరుగుదల సంగతికి వద్దాం. ఈ పాఠంలో ఎక్కువసేపు ఆగవలసిన చోటు ఇది.

విద్యార్థులను ఒక తరగతిలో పెడదాం. తరగతి మెసేజ్‌లో ఫీల్డు 1గా విద్యార్థి ఉంటే, పైన రాసిన పదకొండు బైట్ల ముందు 10, 11 అని చేరతాయి. 10 తాళంచెవి, 11 పొడవు. తరగతిని కళాశాలలో పెడితే ముందు 10, 13 చేరతాయి. గమనించారా? పొడవు లోపలి సరుకు కంటే ముందు రాయాలి. కానీ లోపలి సరుకు తయారైతేనే గాని పొడవు తెలియదు.

అమెరికాలో ఉన్న కొడుక్కి ఒక తల్లి పార్సెల్ కడుతోందనుకోండి. ఆవకాయ జాడీ ఒక చిన్న పెట్టెలో, ఆ పెట్టె మరో పెట్టెలో, అది పెద్ద అట్టపెట్టెలో. ప్రతి పెట్టె మీదా దాని బరువు రాయాలని పార్సెల్ ఆఫీసు నియమం. గుమాస్తా పెద్ద పెట్టె బరువు కోసం లోపలున్నవన్నీ ఒక్కొక్కటిగా తూచి, కూడి, మీద రాశాడు. తర్వాత మధ్య పెట్టెకు వచ్చాడు. దాని బరువు ఇందాక తూచాడు గానీ ఎక్కడా రాసిపెట్టుకోలేదు. మళ్లీ లోపలివన్నీ తూచాడు. చిన్న పెట్టెకు వచ్చి జాడీని మూడోసారి తూచాడు.

ప్రోస్ట్ చేసేది అచ్చంగా ఇదే. ఎన్‌కోడెడ్_లెన్ అనే ఫంక్షను ఒక మెసేజ్ ఎన్ని బైట్లు అవుతుందో చెబుతుంది. ఎన్‌కోడ్ మొదలుపెట్టగానే బఫరులో చోటు సరిపోతుందో లేదో చూడటానికి మొత్తం మీద ఒకసారి దాన్ని పిలుస్తుంది. తర్వాత లోపలి ప్రతి మెసేజ్ దగ్గరా పొడవు రాయడానికి మళ్లీ పిలుస్తుంది. పై మెసేజ్‌తో కలిపి మూడు అంతస్తులుంటే 3 + 2 + 1 = 6 లెక్కింపులు. మెసేజ్‌లు ఒకదానిలో ఒకటిగా ఎన్ అంతస్తులుంటే మొత్తం ఎన్ × (ఎన్ + 1) / 2. పది అంతస్తులకు 55, నూరు అంతస్తులకు 5050. పని అంతస్తుల సంఖ్యతో సమానంగా కాక దాని వర్గంతో పెరుగుతోంది.

ఒక్కో లెక్కింపును చౌక చేయడం మొదటి ఆలోచన, అది ప్రోస్ట్‌లో ఇప్పటికే ఉంది. ఒక వేరింట్ ఎన్ని బైట్లో తెలుసుకోవడానికి ఏడేసి బిట్లు జరుపుతూ లూప్ తిప్పనక్కరలేదు. సంఖ్యలోని అత్యధిక స్థానపు 1 ఎన్నో బిట్టులో ఉందో చూసి (కుడి నుంచి 0తో మొదలుపెట్టి), దాన్ని 9తో గుణించి, 73 కలిపి, 64తో భాగించి, శేషం వదిలేస్తే చాలు. 127కు ఆ స్థానం 6: 54 + 73 = 127, భాగిస్తే 1. 128కి స్థానం 7: 63 + 73 = 136, భాగిస్తే 2. అరవైనాలుగు బిట్ల అతి పెద్ద సంఖ్యకు స్థానం 63: 567 + 73 = 640, భాగిస్తే సరిగ్గా 10. 7తో భాగించడం కంప్యూటరుకు కాస్త ఖరీదైన పని. 64తో భాగించడమంటే ఆరు బిట్లు జరపడం మాత్రమే. గూగుల్ వారి సీ++ గ్రంథాలయంలో ఉన్న ఈ ఉపాయాన్నే ప్రోస్ట్ తీసుకుంది. 16383, 16384 సంఖ్యలకు మీరే వేసి చూడండి. 2, 3 రావాలి.

కానీ తూకం త్రాసు ఎంత వేగమైనా, ఒకే జాడీని మూడుసార్లు తూచడం తగ్గలేదు. దానికి మూడు దారులున్నాయి.

మొదటిది, బరువును పెట్టె మీదే రాసుకోవడం. ప్రతి స్ట్రక్ట్‌లోనూ పొడవు కోసం ఒక దాపుడు ఫీల్డు పెట్టాలి. రస్ట్-ప్రోటోబఫ్ అనే మరో ప్రాజెక్టు ఈ దారిలో వెళ్లింది. ప్రోస్ట్‌లో ఇలా చేస్తే ఇందాక చెప్పుకున్న సాదాతనం పోతుంది. వాడుకరులు ఫీల్డులన్నీ రాసి స్ట్రక్ట్ తయారుచేసుకునే ప్రతి చోటా కొత్త ఫీల్డు లేదని కంపైలరు ఆపేస్తుంది. పైగా ఎన్‌కోడ్ చేసేటప్పుడు మెసేజ్‌ను మార్చకూడదు. ఒకే మెసేజ్‌ను రెండు థ్రెడ్లు ఒకేసారి పంపుతుంటే ఆ దాపుడు ఫీల్డుకు అటామిక్ రకం కావాలి.

రెండోది, వెనక నుంచి రాయడం. బఫరు చివరి బైటుతో మొదలుపెట్టి ముందుకు జరుగుతూ రాస్తే, లోపలి సరుకు రాసేసరికి దాని పొడవు ఎంతో తెలిసిపోతుంది, దాన్ని ముందు రాసేయవచ్చు. ముందుగా లెక్కించాల్సిన పనే లేదు. గూగుల్ వారి యూపీబీ అనే సీ గ్రంథాలయం ఇలాగే చేస్తుంది. చక్కటి ఆలోచన. కానీ ప్రోస్ట్ రాసేది బఫ్‌మ్యూట్ అనే ట్రెయిట్ ఉన్న దేనిలోకైనా. ఆ ట్రెయిట్‌కు ముందుకు రాయడమే తెలుసు. దారి మార్చాలంటే కొత్త ట్రెయిట్ కావాలి, వాడుకరులు తమ కోడు మార్చుకోవాలి.

మూడోది, పక్కన ఒక పట్టీ. మెసేజ్‌ను ఒకేసారి చుట్టివస్తూ ప్రతి లోపలి మెసేజ్‌కూ పట్టీలో ఒక గడి కేటాయించి, లోపలివి లెక్కించడం అయ్యాక ఆ గడి నింపాలి. గడి కేటాయింపు లోపలికి వెళ్లక ముందే జరగాలి. లేకపోతే రాసేటప్పుడు వరుస తలకిందులవుతుంది. తర్వాత రాసేటప్పుడు పట్టీలోంచి వరుసగా ఒక్కో పొడవు తీసుకుంటూ పోవాలి. స్ట్రక్ట్ మారదు, బఫరు మారదు. ఖర్చు పట్టీకి కావలసిన మెమరీ. లోపలి మెసేజ్‌లే లేని చిన్న సందేశాలకు ఈ పట్టీ దండగ.

మీరైతే ఏది ఎంచుకుంటారు? నా అభిప్రాయం అడిగితే, ఏదీ ఎంచుకోకముందు కొలవమంటాను. చాలా సందేశాలు రెండు మూడు అంతస్తులకు మించవు. స్ట్రింగు పొడవు రస్ట్‌కు ముందే తెలుసు, కాబట్టి దాన్ని మూడుసార్లు అడిగినా నష్టం స్వల్పం. అసలు భారం ఎక్కడంటే, లోపలి అంతస్తులో లక్ష ఇంట్32 విలువల వరుస ఉన్నప్పుడు. వాటిలో ఒక్కోదాని పొడవూ వేరు, అన్నింటినీ ఒక్కొక్కటిగా చూడాలి, అదీ ప్రతి అంతస్తు కోసం మళ్లీ. అదే వరుస ఫిక్స్‌డ్32 రకమైతే సంఖ్యను 4తో గుణిస్తే అయిపోతుంది. అయితే ఇప్పటికే వాడకంలో ఉన్న ఫీల్డు రకాన్ని అలా మార్చకండి. బైట్లలో రకం సంకేతమే 2 నుంచి కాకపోయినా (వరుస కట్టగా వెళితే అది 2గానే ఉంటుంది) లోపలి బైట్ల అర్థం మారిపోతుంది, పాత ప్రోగ్రాము చెత్త చదువుతుంది.

9.5 లోతైన సందేశం, కూలిన సర్వరు

రస్ట్ మెమరీ భద్రత ఇస్తుందని చదివారు. దాని అర్థం ప్రోగ్రాము పడిపోదని కాదు. ఈ తేడా తెలియడానికి ప్రోస్ట్ చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది.

డీకోడ్ చేసే ఫంక్షను లోపలి మెసేజ్ కనబడగానే తనను తాను పిలుచుకుంటుంది. ప్రతి పిలుపూ స్టాక్ మీద కొంత చోటు తీసుకుంటుంది. మంచి ఉద్దేశంతో పంపిన సందేశంలో ఇబ్బంది లేదు. చెడు ఉద్దేశంతో ఒకరు వంశవృక్షం లాంటి మెసేజ్‌ను లక్ష అంతస్తుల లోతుగా కట్టి పంపితే? ఒక్కో అంతస్తుకు తాళంచెవి ఒక బైటు, పొడవు ఒకటి నుంచి మూడు బైట్లు. లక్ష అంతస్తులు కలిపి నాలుగు లక్షల బైట్లు దాటవు. ఒక మామూలు ఫొటో కంటే చిన్నది. రస్ట్‌లో కొత్తగా సృష్టించిన థ్రెడ్‌కు ఏమీ చెప్పకపోతే దొరికే స్టాక్ 2 మెగాబైట్లు. లక్ష పిలుపులకు అది చాలదు. స్టాక్ నిండితే రస్ట్ ప్రోగ్రాము మొత్తం ఆగిపోతుంది. ఇది పట్టుకుని సర్దుకోగల పానిక్ కూడా కాదు. ఒకరి సందేశం వల్ల ఆ సర్వరు మీద ఆధారపడిన అందరి పనీ ఆగుతుంది.

ఈ లోపాన్ని రస్ట్ భద్రతా హెచ్చరికల పట్టికలో 2020లో నమోదు చేశారు. ప్రోస్ట్ 0.6.1లో సరిచేశారు. పరిష్కారం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది: డీకోడ్ ఫంక్షనుకు ఒక సందర్భాన్ని అందించి, అందులో 100 నుంచి మొదలయ్యే లెక్క పెట్టారు. లోపలికి వెళ్లిన ప్రతిసారీ ఒకటి తగ్గుతుంది. సున్నాకు చేరితే ఎర్రర్ తిరిగి ఇస్తుంది. సీ++, జావా గ్రంథాలయాలలో కూడా అప్రమేయంగా ఉన్న పరిమితి 100. నిజంగానే అంతకంటే లోతు కావాలనుకునేవారు ఆ పరిమితిని ఒక ఫీచరు ద్వారా తీసేయవచ్చు, బాధ్యత వారిదే.

పొడవుల విషయంలో కూడా ఇలాంటి జాగ్రత్తే ఉంది. ఇరవై బైట్ల సందేశంలో ఈ స్ట్రింగు పొడవు వంద కోట్లు అని రాసి ఉంటే, నమ్మి అంత మెమరీ కేటాయించకూడదు. ప్రోస్ట్ ముందు బఫరులో అన్ని బైట్లు మిగిలి ఉన్నాయా అని చూస్తుంది.

9.6 మేలు చేయబోతే

మూడో రకం మెరుగుదల వేగానికీ భద్రతకూ చెందనిది. తయారైన స్ట్రక్ట్‌లు వాడటానికి ఇంకా సులువుగా ఉండాలి, అంతే. రస్ట్‌లో అన్ని ఫీల్డులూ పూర్ణసంఖ్యలు, బూలియన్ల వంటివైతే ఆ స్ట్రక్ట్‌కు కాపీ అనే ట్రెయిట్ ఇవ్వవచ్చు. అప్పుడు విలువను మరో చోటికి ఇచ్చినా మన దగ్గర మిగిలి ఉంటుంది. ప్రోస్ట్ 0.13 నుంచి సాధ్యమైన చోటల్లా కాపీని తానే చేరుస్తోంది.

ఇందులో ఇబ్బంది ఏముంది? అంతకుముందే తమ కోడులో కాపీని చేత్తో రాసుకున్నవారికి రెండుసార్లు అయిందని కంపైలరు అభ్యంతరం చెబుతుంది. అందుకే దీన్ని మామూలు సవరణగా కాక, పాత కోడుతో పొసగకపోవచ్చని చెప్పే కొత్త వెర్షనులో పెట్టారు. ఇంకొక ఇబ్బంది సూక్ష్మమైనది. బిందువు అనే మెసేజ్‌లో రెండు పూర్ణసంఖ్యలు ఉన్నాయి, దానికి కాపీ వచ్చింది. ఏడాది తర్వాత వర్ణన రాసేవారు దానికి పేరు అనే స్ట్రింగును చేర్చారు. బైట్ల దృష్టితో ఇది నిరపాయకరం. కొత్త సంఖ్యతో కొత్త ఫీల్డు, పాత ప్రోగ్రాములు దాటేస్తాయి. కానీ స్ట్రింగు ఉన్న స్ట్రక్ట్‌కు కాపీ ఉండదు. జనరేటరు మౌనంగా దాన్ని తీసేస్తుంది. బిందువును రెండుచోట్ల వాడిన రస్ట్ కోడు మర్నాడు కంపైలు కాదు.

కాబట్టి పొసగడం రెండు రకాలు. బైట్లు పొసగడం ఒకటి, కోడు పొసగడం ఒకటి. మొదటిది ఉన్నంతమాత్రాన రెండోది ఉన్నట్టు కాదు. ఈక్యూ, హాష్ ట్రెయిట్ల విషయంలో కూడా ఇదే చర్చ: ఫ్లోట్ లేదా డబుల్ ఫీల్డు ఒక్కటి చేరినా అవి ఇవ్వడం కుదరదు, ఎందుకంటే సంఖ్య కానిది అనే ప్రత్యేక విలువ తనతో తనకే సమానం కాదు.

ప్రోస్ట్‌లో ఇంకా లేని సదుపాయం కూడా ఒకటి చెప్పాలి. తనకు తెలియని ఫీల్డులను అది దాటేస్తుంది గానీ దాచి ఉంచదు. ఒక ప్రోగ్రాము సందేశాన్ని అందుకుని, చిన్న మార్పు చేసి, ముందుకు పంపుతుంటే, మధ్యలో ఉన్నది పాత వెర్షను అయితే కొత్త ఫీల్డులు అక్కడే రాలిపోతాయి. దాచాలంటే స్ట్రక్ట్‌లో మళ్లీ ఒక దాపుడు ఫీల్డు కావాలి. 9.4లో చూసిన అడ్డంకే ఇక్కడా ఎదురవుతుంది.

9.7 మీరు చేయి వేయాలంటే

మొదటి రోజే చాలామందికి ఎదురయ్యే ఎర్రర్ ప్రోటోక్ దొరకలేదని. 0.11 వెర్షను నుంచి ప్రోస్ట్-బిల్డ్ ప్రోటోక్‌ను తనతో తీసుకురాదు. మీరే దాన్ని ఇన్‌స్టాల్ చేసి, అవసరమైతే ప్రోటోక్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో దాని దారి ఇవ్వాలి. అది పరిష్కరించుకున్నాక పైన రాసిన విద్యార్థి మెసేజ్‌తో ఒక చిన్న ప్రాజెక్టు చేసి, టార్గెట్ ఫోల్డరు లోపల తయారైన కోడు ఫైలును తెరిచి చదవండి. రమ, 150 విలువలతో ఎన్‌కోడ్ చేసి బైట్లను దశాంశంలో అచ్చు వేయండి. మీరు కాగితం మీద రాసినవే రావాలి.

ప్రాజెక్టులో ఏదైనా మార్చదలచుకుంటే కోడు కంటే ముందు పరీక్ష రాయండి. ఎన్‌కోడ్ చేసి, డీకోడ్ చేస్తే మొదటి విలువే తిరిగి రావాలన్నది అన్నిటికంటే సులువైన పరీక్ష. కానీ అది ఒక్కటే చాలదు: రాసేవాడూ చదివేవాడూ ఒకే తప్పు చేస్తే ఈ పరీక్ష నెగ్గుతుంది. రెండు వైపులా జిగ్‌జాగ్ మరిచిపోయామనుకోండి, మన ప్రోగ్రాము మనతో బాగానే మాట్లాడుకుంటుంది, జావాలో ఉన్న ప్రోగ్రాముతో మాట్లాడలేదు. అందుకే గూగుల్ ప్రచురించిన కన్ఫార్మెన్స్ పరీక్షల సముదాయాన్ని కూడా ప్రోస్ట్ నడుపుతుంది. వేగం గురించిన మార్పైతే ముందూ వెనకా కొలిచిన సంఖ్యలు జతచేయండి, మీ మార్పు వల్ల నెమ్మదించిన సందేశాల సంఖ్యలు కూడా. వాటిని దాచిన ప్రతిపాదన కంటే బయటపెట్టిన ప్రతిపాదనను నిర్వాహకులు ఎక్కువ నమ్ముతారు. ఆ ప్రాజెక్టులను నడిపేవారిలో చాలామంది జీతం లేకుండా తీరిక వేళల్లో పనిచేసేవారే. జవాబు వారం ఆలస్యమైతే నొచ్చుకోకండి.

9.8 అభ్యాసాలు

(అ) విద్యార్థి మెసేజ్‌లో పేరు సీత, మార్కులు 300. మొత్తం బైట్ల సంఖ్య ఎంత? మార్కులు 0 అయితే ఎంత? (14, 11 రావాలి. ఎందుకో రాయండి.)

(ఆ) పై మెసేజ్‌తో కలిపి ఆరు అంతస్తులున్న సందేశాన్ని ప్రోస్ట్ ఎన్‌కోడ్ చేస్తే పొడవు లెక్కింపులు మొత్తం ఎన్ని జరుగుతాయి? పట్టీ పద్ధతిలో ఎన్ని?

(ఇ) పట్టీ పద్ధతిలో గడిని లోపలికి వెళ్లక ముందు కాక, లోపలి లెక్క పూర్తయ్యాక చేర్చారనుకోండి. కళాశాల, తరగతి, విద్యార్థి ఉదాహరణతో బయటకు వచ్చే తప్పు బైట్లను రాసి చూపండి.